చిల్లాల కూసున్న చెట్టు

నా నోట్లె నువ్వుగింజ నానదని మా అమ్మ తిట్టేది. నిజమే. గల్లీల ఎవరింట్ల ఏం కూర అయిందో, ఎవరి అల్లుడు అలిగి పోయిండో, పొద్దు గూకేలోపట నలుగురికి చెప్తెగాని నాకు బువ్వ సయించకపోయేది. అసొంటి నేను ఒక్క ముచ్చటను మాత్రం నలభై ఏండ్లకు పైబడి కడుపుల పెట్టుకొని తిరిగిన. అమ్మకు చెప్పలే. గుడికి పోయి అమ్మోరి ముందల నిలబడ్డప్పుడు గూడ, అన్నీ తెలిసిన తల్లివి, మళ్ళ నేనెందుకు చెప్పుడు అని తప్పించుకున్న. ఇప్పుడు మోకాళ్ళు పోయినయి, కండ్లు మసకేసినయి. ఆ ముచ్చట మాత్రం గట్లనే ఉంది. ఇగ మొయ్యలేను.

నువ్వెవరో నాకు తెల్వదు. అదే నయం. తెలిసినోల్లయితె నేను చెప్తుంటె నా మొఖం దిక్కు చూస్తరు, సగంల ఆపి పోనీలే అక్కా అంటరు. నాకు పోనీలే అనేటోల్లు వద్దు. సప్పుడు జెయ్యకుండ చదువు. బడిల ఆయాగ చేసుకుంట ఆడపిల్లల తాన నేర్చుకున్న అక్షరాలు ఇవి. తప్పులుంటె నువ్వే దిద్దుకో.

చెప్త. ఒక మనిషి తన పానం లెక్క చూసుకున్న చెట్టును నేను దాసిన. దాసి, సచ్చిపోయిందని ఆయనకు చెప్పిన.

ఒక చెట్టుకు గింత పరేషానా అని నవ్వొస్తుందా? నవ్వు. మొదటిరోజు దాన్ని చూసి నేను గూడ నవ్విన.

అప్పుడు మేం లాల్‌దర్వాజల కిరాయికి ఉంటుంటిమి. కింద అమ్మ, నేను. నా పెనిమిటి ఇంకొకామెను తెచ్చుకుంటె నేను పెట్టె సర్దుకొని అమ్మ తానికి వచ్చి నాలుగేండ్లు అయింది. నాకు ఇరవై ఎనిమిది. ఆయన కథకు ఇంతకంటె ఎక్కువ సిరా దండుగ. మీద డాబా మీది అర్ర ఖాళీగ ఉండె. ఎమర్జెన్సీకి ముందటేడు దాంట్లకు మూర్తి సారు దిగిండు. కోస్తాల పుట్టిన మనిషి, సెంట్రల్ గవర్నమెంటు నౌకరి. అప్పటిదాంక సిమ్లా దిక్కు కొండలల్ల చేసి ఇక్కడికి బదిలీ మీద వచ్చిండు. నలభై దాటినయి. ఒక్కడే. ట్రంకు పెట్టె, పరుపు చుట్ట, స్టవ్వు రిక్షా ఎన్కకు కట్టిండు. చెట్టును మాత్రం పసిపోరన్ని పెట్టుకున్నట్టు ఒళ్ళె పెట్టుకొని దిగిండు.

జానెడున్నర ఎత్తు ఉండె అది. అయినా మాను చూస్తె ముసలిది, ముడుతలు పడ్డది. ఆకులేమో ఆముదం ఆకును చిటికెడంత చేసి, కత్తెరతోని సన్నసన్నగ చీరినట్టుండె. మేపుల్ అంటరట. సలిదేశం చెట్టు. కొండలల్ల తాటిచెట్టంత పెరుగుతదట. దాన్ని గిట్ల తట్టల పెట్టి, కొమ్మలకు తీగ చుట్టి, వేళ్ళు కత్తిరించి చిన్నగనే ఉంచే విద్య ఒకటుంది, బోన్సాయ్ అంటరు అన్నడు. మా అమ్మ ముక్కు మీద వేలేసుకున్నది. ఎదగనియ్యని చెట్టు ఇంట్ల ఉంటె పాపం తగుల్తదని నాతోని గొణిగింది. ఆయనకు ఇనబడనే ఇనబడ్డది. చిన్నగ నవ్విండు.

చెట్టు ఆయనది గాదు, ఆయన భార్యది. కొండలల్ల రోడ్డు పక్క గోడ సందుల మొలిచిన మొక్కను తెచ్చి డబ్బల పెట్టిందట. అక్కడి మిషన్ దవాఖాన నర్సమ్మ తాన ఈ విద్య నేర్చుకున్నదట. ఆమె నిమోనియాతోని పోయింది. మాను మీద ఒక తాన గీత చుట్టుకొని ఉండె, మెట్టెల వేలికి ఒరుపు పడ్డట్టు. ఆమె చుట్టిన రాగితీగ సకాలంల ఇప్పక లోపటికి దిగిన గుర్తు అది. ఆమె దవాఖానల ఉన్నప్పుడు తీగ సంగతి యాది మరిచిన్నని సారు ఒక్కసారే చెప్పిండు. మాట్లాడుకుంట మాట్లాడుకుంట ఆ గీత మీద బొటనవేలు పెట్టి రాసెటోడు. తనకు తెల్వకుండనే రాసెటోడు. నేను ఆ వేలు దిక్కు చూసేదాన్ని.

ఇప్పుడు చెప్పుడు మొదలు పెట్టిన గనుక ఇది గూడ చెప్తున్న. నన్ను మీరు అన్న మొదటి మగమనిషి ఆయన. మా దిక్కు ఏందే, ఓ పిల్లా, గంతే. ఆయన మెట్ల మీదికెల్లి ఏమండీ, కొంచెం మంచినీళ్ళు ఉన్నాయా అంటె, సిన్మాల పెండ్లాం మొగన్ని పిలిచినట్టు ఈయనేందని నేను కొంగు నోట్లె కుక్కుకొని నవ్వేదాన్ని. వాళ్ళ దిక్కు అందరిని అట్లనే పిలుస్తరని తర్వాత తెలిసింది. తెలిసినంక గూడ ఆ పిలుపు కోసం చెవులు మెట్ల దిక్కే ఉండేవి.

చెట్టుకు ఈ ఊరు సరిపడలే. ఎట్ల సరిపడ్తది? ఏప్రిల్ వచ్చిందంటె మన మనుషులకే పానం మీదికి వస్తది. ఆయన తడి ఇసుక పరిచి దాని మీద చెట్టు పెట్టెటోడు. పొద్దుగాల ఎండ ఒక్క గంట, తర్వాత వట్టివేళ్ళ తడిక చాటు. ఆయన ఆఫీసుకు పోయినంక తడికకు నీళ్ళు చల్లే పని నాకు పడ్డది. ఎవరు పెట్టలే, నేనే మీదేసుకున్న. బడి అయినంక ఉరుకులాడుకుంట వచ్చేదాన్ని. అయినా ఆకుల అంచులు మాడి గోధుమరంగుకు తిరిగేవి. ఎండ ఒక్కటే గాదు కష్టం, దీనికి నిద్ర లేదండీ అన్నడు ఆయన. సలిదేశం చెట్లు ఏడాదికొక్కపారి ఆకు రాల్చి మొద్దు లెక్క పండుకుంటయట. మన ఊరి సలి దానికి సలే గాదు. మొదటేడు డిసెంబర్ల అది ఆకు పూర్తిగ రాల్చలే, పండుకోలే. వసంతం వచ్చినంక చిగురు వెట్టనీకి సత్తువ లేక రెండే రెండు పీల చిగుర్లు వెట్టింది. రెండు మూడేండ్లు గిట్లనే నిద్ర లేకుంటె సచ్చిపోతది అన్నడు.

అప్పుడు ఉపాయం చెప్పింది నేనే. దీన్ని జర గుర్తు పెట్టుకో. మా పెద్దమ్మ కొడుకు యాదగిరన్న పురానాపూల్ అవతల ఆలుగడ్డల కోల్డ్ స్టోరేజిల పని చేసెటోడు. సార్, ఆలుగడ్డలు పండుకునే తాన మీ చెట్టు పండుకోదా అని అడిగిన. ఆయన నా మొఖం దిక్కు చూసిండు. అట్ల ఎవ్వలు నన్ను చూడలే అంతకు ముందు. ఏమో, తెలివిగల్ల మనిషిని చూసినట్టు చూసిండు.

మరుసటి డిసెంబర్ల ఆకులన్ని చిన్న కత్తెరతోని తుంచి, నేనూ ఆయనా రిక్షాల కూసొని చెట్టును తీస్కపోయినం. ఇంకొక మనిషి పట్టేంత సందు విడిచే కూసున్నం. చెట్టు నడిమిట్ల. నలభై దినాలు పెట్టాలె అన్నడు సారు. కోల్డ్ స్టోరేజి మిషన్ చూసే ఖాదర్ భాయి నవ్వి, అచ్ఛా, పేడ్ చిల్లే మే బైఠా అన్నడు. ఫకీర్లు నలభై దినాలు గుహల కూసుంటరు, బాలింతకు గూడ నలభై దినాలు చిల్లా అంటరు గదా, అట్ల. ఆ దినం సంది మా అందరికి అదే పేరు అయిపోయింది. చెట్టు చిల్లాల కూసుంది.

వారానికొక్కపారి మట్టి ఎండిందో లేదో చూసుడు నా వంతు. ఆదివారం మాపటీలి పెద్దమ్మ ఇంటికి కార్వాన్ పోవుకుంట నడిమిట్ల ఆగేదాన్ని. అన్న స్వెట్టర్ తొడుక్కొని లోపటికి పోతె, ఆలుగడ్డల వాసన, సంచుల వరుసలు, కొసకు గోడ పక్క మా చెట్టు. నా నోట్లకెల్లి పొగ వచ్చింది మొదటిపారి. భయపడ్డ. ఇంటికొచ్చి సారుకు చెప్తె పొట్ట పట్టుకొని నవ్విండు. కొండల్లో అందరూ అలాగే పొగలో మాట్లాడుకుంటారండీ అన్నడు. ఎన్ని సంగతులు చెప్పిండో ఆ మాపు. కప్పుల మీద మంచు, పొద్దుగాల కొళాయిల గడ్డ కట్టిన నీళ్ళు, బొగ్గు కుంపటి. నాకు ఆ దినం సంది ఆ కొండలు కావాలనిపించేది. సక్కగ చెప్పు ముసలిదానా, కొండలు గావాల్నా నీకు? ఆయన పక్కన నిలబడి పొగల మాట్లాడాలనిపించేది. గంతే.

చెట్టు లేచింది. ఫిబ్రవరిల బయటికి తీసినంక పది దినాలకు ఎర్రటి మొగ్గలు పగిలినయి. మా అమ్మ గూడ మీదికెక్కి చూసి బొట్టు వెట్టింది దానికి. ఆయన ఆ దినం ఆఫీసుకే పోలే. రెండో చిల్లా గూడ మంచిగ గడిచింది. రెండేండ్లు. నా బతుకుల సుఖం ఏంది అని ఎవరన్న అడిగితె ఆ రెండేండ్లు చూపిస్త. ఏం జరిగింది ఆ రెండేండ్లల్ల? ఏం జరగలే. మాపటికి డాబా మీద చెట్టు పక్కన రెండు పీటలు. ఏ కొమ్మ తియ్యాలె, ఏ కొమ్మ ఉంచాలె, ఎందుకు ఉంచాలె. నా చేతికి కత్తెర ఇచ్చి, ఇది మీరు కొయ్యండి అనెటోడు. గల్లీల గుసగుసలు మొదలైనయి. అమ్మ పైలం బిడ్డా అన్నది. ఏముందని పైలం ఉండాలె? ఆయన నా చెయ్యి గూడ ముట్టలే.

మూడోపారి చిల్లాకు తీస్కపోయే ముందు, నవంబర్ల, ఆయన ఒక కాయితం పట్టుకొని వచ్చిండు. కొండలకే మళ్ళ బదిలీ. ఆయనే అడుక్కున్నడట. మార్చి ఆఖరుకు పోయి చేరాలె, లేదంటె వద్దని రాసియ్యాలె. మొఖం మామూలుగ పెట్టుకొని, ఎందుకు సార్, ఇక్కడ ఏం తక్కువైంది అన్న. చెట్టు కోసమేనండీ, ఎన్నాళ్ళని దీన్ని ఆలుగడ్డల మధ్య పడుకోబెడతాం అన్నడు. ఇంక ఒక్క మాట అన్నడు. ఆ మాటే నన్ను తిన్నది. ఈ చెట్టే లేకపోతే నేను ఎక్కడికీ పోనండీ, నాకు ఇక్కడే బాగుంది.

ఈ చెట్టే లేకపోతే. బడిల గచ్చు కడుగుకుంట అదే. బియ్యంల రాళ్ళు ఏరుకుంట అదే. ఇక్కడే బాగుంది అంటె ఏంది? ఈ డాబానా, ఈ ఊరా, నా చేతి చాయనా? నేనా? చెప్పకపోతివి సారూ.

బుద్ధి గడ్డి తిని ఒక్క గడియల చేసిన అని రాద్దామనుకున్న. చానాపార్లు నాకు నేను గట్లనే చెప్పుకున్న. అబద్ధం. సోంచాయించి చేసిన. నాలుగు దినాలు సోంచాయించిన. ముప్పై ఆరో దినం, ఆదివారం, కోల్డ్ స్టోరేజికి పోయిన. మాను మీద గోటితోని జరంత గీకి చూసిన, ఆయన నేర్పినట్టే. లోపట పచ్చగ ఉండె. మొగ్గలు మినుప గింజలంత ఉబ్బి ఉండె. బతికే ఉండె, బంగారం లెక్క ఉండె. రాగితీగ గీత మీద చెయ్యి పెట్టిన. నీకు సచ్చినంక గూడ ఆయన ఉన్నడు, నాకు బతికుండంగ ఎవ్వలున్నరు అని ఆమెతోని అన్న. సచ్చిపోయిన ఆడిదాని మీద కుళ్ళుకున్న. షరం లేకుండ రాస్తున్న.

యాదగిరన్నకు సారు నాకు ఇచ్చిండని చెప్పిన. ఆయన నమ్మిండు, ఎందుకు నమ్మడు. తట్టలకెల్లి చెట్టును వేళ్ళ ముద్దతోని ఎత్తిన. ఆ తట్ట పురానాపూల్ తాన కుమ్మరి తోని సారు చెప్పి చేయించింది, అడుగున బొక్కలున్న లోతులేని మట్టితట్ట. కుమ్మరాయన భార్య బొక్కల తట్టల ఏం వండుతరని అడిగి నవ్వింది అప్పుడు. చెట్టును మొలతోని బొక్కలు పొడిచిన డాల్డా డబ్బల పెట్టి, తడి గోనె చుట్టిన. ఎంత పైలంగ చేసిననో తెల్సా? ఒక్క వేరు తెగనియ్యలే. ఆయన చూస్తె మెచ్చుకునెటోడు. తర్వాత తట్టను రాయి మీద పడేసి పగలగొట్టిన. చెట్టును పెద్దమ్మ ఇంట్ల బాయి పక్క నీడకు పెట్టి, పెంకలు కొంగుల కట్టుకొని ఇంటికి వచ్చిన.

సారు డాబా మీద లుంగి ఆరేస్తుండె. పెంకలు పీట మీద పెట్టిన. మిషన్‌ల గ్యాసు లీకైంది, లోపటి సామానంత ఖరాబైంది, కూలోల్లు బయట పారేసిన్రు అన్న. చెప్పుకుంట ఏడ్చిన గూడ. ఆ ఏడుపు నిజమే, అదే నాకు ఇప్పటికి సమజ్ గాదు. ఆయన పీట ముందల కూసొని పెంకలు ఒక్కొక్కటి తిప్పి చూసిండు.

"వేళ్ళు చూశారా?" అన్నడు.

"చూసిన సార్. నల్లగైనయి."

"నేనొకసారి వెళ్ళి చూడొచ్చా?"

"వద్దు సార్. బయటి సామాను పెట్టిండని తెలిస్తె మా అన్న నౌకరి పోతది."

తల ఊపిండు. ఆ మాట కాదనలేడని నాకు ముందే తెలుసు, అందుకే దాసి పెట్టుకొని పోయిన.

"మీరు చూశారు కదా," అన్నడు. "ఇంక నేను చూడక్కర్లేదు."

తిడితె బాగుండు. అనుమానపడితె బాగుండు. ఆ పెంకలు కడిగి, ఆరబెట్టి, పాత తువ్వాలల చుట్టి ట్రంకు పెట్టెల పెట్టుకున్నడు. నేను కిందికొచ్చి పొయ్యి ముట్టిచ్చిన. అన్నం మాడింది ఆ దినం.

బదిలీ వద్దని రాసియ్యనీకి ఇంక నెలకు పైనే ఉండె. అంటె ఏంది? నేను తప్పు దిద్దుకోనీకి నెల ఉండె. మళ్ళ ఆదివారం కార్వాన్ పోతె చెట్టు లేచింది. ఎట్ల లేచింది! మూడేండ్లు నిద్ర మంచిగ పోయింది గదా, కొమ్మ కొమ్మకు ఎర్ర చిగురు, నెత్తురు రంగు, లేత ఎండ పడితె ఆకులకెల్లి అవతలి దిక్కు కనబడుతుండె. నేను బాయి గట్టు మీద కూసొని ఏడ్చిన. పెద్దమ్మ, చెట్టు మంచిగ ఉన్నందుకు ఏడుస్తవేందే పిచ్చిదానా అన్నది. ఎవరికి చెప్పుకోను? తేలు కుట్టిన దొంగ లెక్క అయింది నా పని.

చెప్పుదామని మీదికెక్కిన. ఒట్టు, ఎక్కిన. మార్చి నడిమిట్ల ఒక మాపు, మెట్లు ఎక్కుకుంట మాటలు గూడ కూర్చుకున్న. సార్, నేను పాపిష్టిదాన్ని, మీ చెట్టు బతికే ఉంది, తీస్కపోండి. ఆయన స్టవ్వు ముందల కూసొని అన్నం వార్చుకుంటుండె. నన్ను చూసి నవ్విండు. ఆ దినం సంది మొదటి నవ్వు అది. మీ టమాట తొక్కు ఏమైనా ఉందాండీ, నోరు చచ్చిపోయింది అన్నడు. ఉంది సార్, ఇప్పుడే తెస్త అన్న. తొక్కు తెచ్చిన. నూనె పోపు మళ్ళ పెట్టి తెచ్చిన. ఆయన తిన్నడు. నేను గడప తాన నిలబడి చూసిన. చాన బాగుంది అన్నడు. నేను కిందికి వచ్చిన. మరుసటి రోజు ఆయన బదిలీ వద్దని రాసిచ్చిండు.

టమాట తొక్కు. దాని కోసం అమ్ముకున్న ఆయనను.

నేను గెలిచిన అనుకుంటవా? ఆయన ఉండిపోయిండు, నిజమే. ఆఫీసు నుంచి వచ్చుడు, వండుకునుడు, పండుకునుడు. డాబా మీద పీటలు రెండు గోడకు ఆనిచ్చి పెట్టిండు. నాతోని మాట్లాడనీకి ఆయనకు ఏముండె? మా ఇద్దరి మాటంత ఆ చెట్టే. ఇది నాకు ముందు తెల్వకపాయె. మెట్ల మీద ఎదురైతె బాగున్నారా అనెటోడు, బాగున్న సార్ అనేదాన్ని. ఏమండీ అనే పిలుపు మళ్ళ ఇనబడలే. నీళ్ళు గూడ ఆయనే మోసుకునెటోడు.

ఇంక దీనికంటె చెడ్డ పని ఒకటుంది. అది చెప్పకపోతె ఈ రాత దండుగ.

మే నెలల కార్వాన్‌ల చెట్టు అంచులు మాడుడు మొదలైంది. నాకు భయమైంది. ఏం జెయ్యాలె? ఎవర్ని అడగాలె? తెలిసినోడు ఒక్కడే. ఒక మాపు ధైర్యం జేసి మీదికి పోయి, సార్, ఊకెనే అడుగుతున్న, ఆ చెట్టు ఉంటె ఇప్పుడు ఇంత ఎండకు ఏం జేసెటోల్లు అన్న. ఆయన తల ఎత్తిండు. మొఖంల దీపం పెట్టినట్టయింది. నేను గూడ ఆ చెట్టు మీద బెంగ పెట్టుకున్ననని అనుకున్నడు. పీటలు రెండు వాల్చిండు. నీళ్ళు మాపటికి పోయాలె, మట్టి వేడి మీద పోయొద్దు, డబ్బ ఇనుపదైతె వేళ్ళు ఉడుకుతయి, దానికి తడి గోనె చుట్టాలె, మాడిన ఆకు తియ్యొద్దు, అదే కిందాకుకు నీడ. గంటసేపు చెప్పిండు. చెప్పుకుంట చెప్పుకుంట బొటనవేలు గాలిల రాస్తుండె, మాను లేని తాన. నేను అది చూసిన. చూసి గూడ మరుసటి వారం మళ్ళ పోయిన. మళ్ళ అడిగిన. మళ్ళ వారం గూడ. ఆయన చెప్పింది ఇని, ఆయనకు తెల్వకుండ ఆయన చెట్టునే సాదిన. ఆ మాటల కోసం మొఖం వాచి ఉన్న గదా. ఆకలైనోడు దొంగతనం చేసిన అన్నం గూడ తింటడు.

చెట్టు కోసం అడిగిన్నా, మాటల కోసం అడిగిన్నా? రెండూ. ఏది ఎంత అని అడగకు.

వానలు తెచ్చే మిరుగం కార్తె ఇంక పది దినాలుందనంగ ఆ చెట్టు పోయింది. నేను ఆదివారం ఆదివారమే పోతుంటి. నడిమిట్ల మా పెద్దమ్మకు జాలి కలిగింది. పాపం, ఎప్పుడూ నీడకే ఉండి చిన్నబోయింది, జర ఎండ తగుల్తె తేరుకుంటదని బుధవారం పొద్దుగాల దాన్ని తీసి బండ మీద పెట్టింది. తులసికి, మల్లెకు, బంతికి ఎండ గావాలె, దీనికెందుకు వద్దంటది ఆమె? నేనెవ్వలకు చెప్పలే గదా, ఇది ఎండకు సచ్చే చెట్టని. చెప్తె ఎట్ల తెలుసు, ఎవరిది అని అడుగుతరని చెప్పలే. నేను పోయేసరికి ఆకులు పట్టుకుంటె పొడి అయితున్నయి. మాను గీకిన. పచ్చ లేదు. ఇంకొంచెం కింద గీకిన. లేదు. రాగితీగ గీత కింద గూడ గీకిన.

పెద్దమ్మను ఏమనలే. ఆమె తప్పు ఏముంది.

ఇంటికొచ్చేసరికి నా కండ్లు ఉబ్బి ఉన్నయి. మెట్ల కాడ సారు చూసి ఏమైందని అడిగిండు. పెద్దమ్మకు పానం బాగలేదు సార్ అన్న. అబద్ధం మీద అబద్ధం, ఎంత సులువుగ వస్తదో ఇంక. ఆయన గబగబ బజార్‌కు పోయి నిమ్మకాయలు, గ్లూకోజు పాకిట్టు తెచ్చి, మీ పెద్దమ్మగారికి ఇవ్వండి అని నా చేతుల పెట్టిండు. ఆ గ్లూకోజు నేనే కలుపుకొని తాగిన. ఏం జెయ్యాలె మరి? పారెయ్యబుద్ధి కాలే. ఆయన తెచ్చింది.

నాలుగేండ్లు ఉన్నడు ఆ తర్వాత. ఆఖరికి బెజవాడల చెల్లెలింటి పక్కకు బదిలీ చేయించుకొని పోయిండు. పోయేనాడు నా చేతికి అడ్రసు రాసిన చీటి ఇచ్చి, ఆ చెట్టు కోసం మీరు పడ్డ కష్టం ఎవరూ పడరండీ, మరిచిపోను అన్నడు. నేను దండం వెట్టిన. రిక్షా మలుపు తిరిగేదాంక నిలబడ్డ. చెప్పనీకి ఆఖరి గడియ అది, నాకు తెలుసు. నోరు తెర్వలే.

తర్వాత పోస్టు కార్డు కొన్న. ఒక్కటి గాదు, చాన కొన్న. మూర్తి సారుకు నమస్కారం అని రాసి, ఆ కింద ఏం రాయలేక ఆపేదాన్ని. ఆయన తిడ్తడని భయమా? గాదు. ఆయన తిట్టడు. అసలు భయం ఏందో ముసలితనంల తెలిసింది. ఈ ఊర్ల నన్ను మొగడు వదిలేసిందంటరు, బడిల ఆయా అంటరు, నోరు పెద్దదంటరు. బెజవాడల ఒక్క మనిషి మాత్రం నేను మంచిదాన్ననుకుంట బతుకుతున్నడు. నిజం చెప్తె ఆ ఒక్కడు గూడ పోతడు. నాకు మిగిలిన ఆస్తి గంతే ఉండె సారుది. దాన్ని గూడ దొంగతనంగనే పెట్టుకున్న.

ఇప్పుడు ఆయన ఉన్నడో లేడో. ఉంటె తొంభై దాటినయి. చెల్లెలు పిల్లలు చూసుకుంటున్నరో, ఎట్లనో. ఆ తువ్వాలల పెంకలు ఎవరన్న చూసి, ఇదేం చెత్త అని పారేసి ఉంటరు. పారెయ్యనీ. నేను పాపం చెయ్యకుంటె అవి పెంకలే అయ్యేటివి గావు.

కొన్నిపార్లు అనిపిస్తది, నేను నోరు మూసుకొని పోనిస్తె ఏమయ్యేదని. చెట్టు కొండలల్ల ఇంకా ఉండేదేమో. అవి వందేండ్లు బతుకుతయట. ఆయన బొటనవేలికి రాసుకోనీకి ఆ గీత ఉండేది. నాకేమో రెండేండ్ల ముచ్చట మిగిలేది, చెడిపోకుండ. ఇప్పుడు ఆ రెండేండ్లు తల్సుకున్నా నిమ్మలంగ తల్సుకోలేను. ఆయనను యాది చేసుకోబోతె నేనే అడ్డమొస్త.

దేవుడు మన్నిస్తడని అనకు. దేవుని చెట్టు గాదు అది.

మూర్తి సారూ. మీ చెట్టు ఆ చిల్లాల సావలే. బతికింది. మీరు ఎన్నడు చూడనంత ఎర్రగ చిగురు వెట్టింది. ఆ చిగురు నేనొక్కదాన్నే చూసిన, మీకు చూపియ్యలే. మీరు ఇక్కడ ఉండాలని దాసిన. మిమ్ముల నేను గంత కోరుకున్న.

గంతే. ఇగ నన్ను మంచిదనుకునేటోల్లు ఈ భూమ్మీద ఎవ్వలు లేరు. నువ్వు గూడ అనుకోకు. జర ఊపిరి ఆడుతుంది ఇప్పుడు.